అమెరికాలో మీ పేరున అడవి భూమి ఉంటే ప్రభుత్వ సాయం ఎలా తీసుకోవాలి?

రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని కొందరు, పిల్లలకు ఉంటుందని కొందరు, ధర పెరుగుతుందని కొందరు ఊరికి దూరంగా చెట్లున్న నేల కొంటారు. కొన్నాక ఏడాదికోసారి వెళ్లి చూసి రావడం, ప్రాపర్టీ టాక్స్ కట్టడం, అంతే. అడవే కదా, దానంతటదే పెరుగుతుందిలే అనుకుంటారు. పెరుగుతుంది, నిజమే. కానీ మంచి ఓక్ చెట్ల కింద బయటి నుంచి వచ్చి అల్లుకుపోయే ఏ ఇన్వేసివ్ తీగలు అల్లుకుంటున్నాయో, పైన్ చెట్లు ఎంత ఇరుకుగా నిలబడి ఒకదాని తిండి ఒకటి లాక్కుంటున్నాయో రోడ్డు మీద నుంచి చూస్తే తెలియదు.

ఈ దేశంలోని అడవుల్లో మూడో వంతుకు పైగా మామూలు కుటుంబాల చేతుల్లోనే ఉంది. ఆ అడవులు పాడైతే వాగుల్లో నీళ్లు పాడవుతాయి, కార్చిచ్చులు, పురుగులు పక్క భూములకు పాకుతాయి. అందుకే ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రాలు కూడా ప్రైవేటు అడవి యజమానులకు సలహా ఇస్తాయి, పని ఖర్చులో వాటా ఇస్తాయి, పన్ను తగ్గిస్తాయి. ఇవన్నీ దొరకాలంటే ఒక వరుస ఉంది. ముందు ప్లాన్, తర్వాత ప్రభుత్వంతో కాంట్రాక్టు మీద సంతకం, ఆ తర్వాతే పని, చివర్లో డబ్బు. వరుస తప్పితే ఎంత మంచి పని చేసినా పైసా రాదు.

ముందు ఫారెస్టర్‌ని పిలిచి అడవి చూపించండి

చాలామంది నేరుగా ఆఫీసుకు వెళ్లి "ఏం స్కీములున్నాయి?" అని అడుగుతారు. దానికి బదులు "నా అడవికి ఏం కావాలి?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ప్రతి రాష్ట్రానికీ ఒక ఫారెస్ట్రీ ఏజెన్సీ ఉంటుంది. మీ కౌంటీని చూసే సర్వీస్ ఫారెస్టర్ ఎవరో వాళ్ల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఫోన్ చేసి, "నాకు ఇన్ని ఎకరాలున్నాయి, ఒకసారి వచ్చి చూడగలరా" అని అడగండి. చాలాచోట్ల ఆ మొదటి సందర్శనకు డబ్బు తీసుకోరు. నా మటుకు మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన సాయం ఇదే. మీరు తప్పకుండా ఆయన వెంట నడవండి. ఆ రోజు పని పెట్టుకోకండి.

ఆయన ఏం చేస్తారో చెబుతాను, అప్పుడు మీకు ప్రశ్నలు అడగడం తేలికవుతుంది. ఒక పైన్ చెట్టు దగ్గర ఆగి, ఛాతీ ఎత్తులో సన్నటి బోలు మర లాంటి పరికరాన్ని కాండంలోకి తిప్పుతారు. దాన్ని ఇంక్రిమెంట్ బోరర్ అంటారు. బయటికి తీస్తే పెన్సిల్ కంటే సన్నని చెక్క పుల్ల వస్తుంది, దాని మీద ఏడాదికొక వలయం. మధ్యలో వలయాలు వెడల్పుగా ఉండి, బెరడు దగ్గరికొచ్చేసరికి దగ్గర దగ్గరగా సన్నబడిపోయాయంటే చెట్టు కొన్నేళ్లుగా సరిగ్గా ఎదగడం లేదన్నమాట. తర్వాత చిన్న గాజు ప్రిజమ్‌ని కంటి ముందు పట్టుకుని, ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి చెట్లు లెక్కపెడతారు. దాంతో బేసల్ ఏరియా వస్తుంది. అంటే నాలుగున్నర అడుగుల ఎత్తులో అన్ని కాండాలనూ అడ్డంగా కోస్తే ఎకరానికి ఎన్ని చదరపు అడుగుల కోత కనిపిస్తుందన్న లెక్క. దక్షిణాది లాబ్లాలీ పైన్ తోటల్లో ఇది 120 దగ్గరికి చేరిందంటే సాధారణంగా పలచన చేయమంటారు, 70 దగ్గరికి తీసుకొస్తారు. ఇరుకుగా ఉన్న పైన్ తోటల్లోనే సదరన్ పైన్ బీటిల్ తేలిగ్గా పాకుతుంది కాబట్టి ఈ అంకె గురించి తప్పకుండా అడగండి.

గట్టి కలప చెట్లున్న ఉత్తరాది అడవైతే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. యాష్ చెట్లున్నాయా? వాటి బెరడు మీద ఇంగ్లిష్ పెద్ద బడి 'డి' అక్షరం ఆకారంలో చిన్న చిల్లులు కనిపిస్తే అది ఎమరాల్డ్ యాష్ బోరర్ పని. 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో తొలిసారి బయటపడ్డ ఈ పురుగు కోట్ల చెట్లను చంపింది. ట్రీ ఆఫ్ హెవెన్ ఉందా? స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లైకి అది ఇష్టమైన చెట్టు. దాన్ని ఊరికే నరికితే వేళ్ల నుంచి పదింతలు పిలకలు లేస్తాయి. ఎండాకాలం రెండో సగంలో, ఆకు రంగు మారకముందే కాండం మీద గాట్లు పెట్టి మందు వేస్తేనే వేరు దాకా చస్తుంది. ఇలాంటి వివరాలు మీ అడవిని ముందు పెట్టుకుని చెప్పేవాళ్లు దొరకడం అదృష్టం, నోట్‌బుక్ తీసుకెళ్లండి.

ప్లాన్ కాగితం మీద ఉండాలి

తర్వాతి మెట్టు రాతపూర్వకమైన ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ ప్లాన్. ఇందులో మీ భూమి మ్యాపు, ఏ భాగంలో ఏ చెట్లు, ఎంత వయసు, నేల రకం, వాగులు, మీరు ఏం కోరుకుంటున్నారు, రాబోయే పదేళ్లలో ఏ ఏడాది ఏ పని చేయాలి అన్నవి ఉంటాయి. యూఎస్ ఫారెస్ట్ సర్వీస్ రాష్ట్రాలతో కలిసి నడిపే ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ ప్రోగ్రామ్ కింద కొన్ని రాష్ట్రాలు ఈ ప్లాన్‌ని రాష్ట్ర ఫారెస్టర్ చేతే రాయిస్తాయి. కొన్నిచోట్ల ప్రైవేటు కన్సల్టింగ్ ఫారెస్టర్‌తో రాయించుకోవాలి. ఆ ఖర్చుకు కూడా ఈక్విప్ అనే ఫెడరల్ ప్రోగ్రామ్ (వివరాలు కింద చెబుతాను) నుంచి సాయం అడగొచ్చు. అందులో ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుంది, ఈ ప్లాన్‌ది 106. అలా అడిగితే ప్లాన్ రాసే మనిషి ఈక్విప్‌ని నడిపే ఎన్ఆర్‌సీఎస్ అనే ఫెడరల్ ఆఫీసు ఆమోదించిన టెక్నికల్ సర్వీస్ ప్రొవైడర్ అయి ఉండాలి. ఎవరినైనా కుదుర్చుకునే ముందే ఈ సంగతి కనుక్కోండి.

మీ కోరిక ఏమిటో ప్లాన్‌లో నిజాయితీగా రాయించండి. కలప అమ్ముకోవాలన్నా తప్పు లేదు. పక్షులు, జింకలు రావాలన్నా, పిల్లలు నడవడానికి దారి కావాలన్నా సరే. పనులు దాన్ని బట్టే మారతాయి. ఈ ప్లాన్ ఒక్కసారి చేతికొస్తే ఈక్విప్‌కి, రాష్ట్ర సాయానికి, ప్రాపర్టీ టాక్స్ తగ్గింపుకు మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

ఈ దశలో ఒక హెచ్చరిక. కలప కొనేవాళ్లు ఇంటికొచ్చి "మంచి చెట్లు మేం కొట్టుకెళ్తాం, చెక్కు ఇప్పుడే ఇస్తాం" అంటారు. ప్లాన్ లేకుండా, ఫారెస్టర్ చూడకుండా సంతకం పెట్టకండి. బాగున్న చెట్లన్నీ పోయి వంకరవీ పుచ్చినవీ మిగిలితే ఆ అడవి కోలుకోవడానికి ఒక తరం పడుతుంది.

ఎఫ్ఎస్ఏ ఆఫీసులో మీ భూమికి నంబరు తెప్పించుకోండి

ఇప్పుడు యూఎస్‌డీఏ, అంటే ఫెడరల్ వ్యవసాయ శాఖ, సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. ఇవి దేశమంతా 2,000కు పైగా ఉన్నాయి. సాధారణంగా ఒకే బిల్డింగ్‌లో రెండు ఆఫీసులుంటాయి. ఎఫ్ఎస్ఏ, అంటే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, రికార్డులూ అర్హతలూ చూస్తుంది. ఎన్ఆర్‌సీఎస్, అంటే నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్, నేల మీద జరిగే పనిని చూస్తుంది. 1935లో నేల కోతను ఆపడానికి పుట్టిన సాయిల్ కన్జర్వేషన్ సర్వీసే ఇది. 1994లో పేరు మారింది. ముందే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మొదటి పని ఎఫ్ఎస్ఏ దగ్గర ఫార్మ్ నంబరు. "నాది పొలం కాదు, అడవి కదా" అని సందేహించకండి. అడవి భూమికి కూడా ఈ నంబరు ఉండాలి. డీడ్ కాపీ, ఫొటో ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు వివరాలు తీసుకెళ్లండి. భూమి ఎల్ఎల్‌సీ పేరునో ట్రస్టు పేరునో ఉంటే దాని కాగితాలు, ఈఐఎన్ (ఆ సంస్థ పన్ను నంబరు), ఎవరెవరికి ఎంత వాటా అన్న వివరం కూడా కావాలి. అక్కడ నింపే ఫారాల్లో ముఖ్యమైనవి ఏడీ-1026, సీసీసీ-941, ఎల్ఎల్‌సీ లాంటివాటికి సీసీసీ-901. మొదటిది కోతకు గురయ్యే నేల, చిత్తడి నేలల నిబంధనలకు ఒప్పుకుంటున్నట్టు. రెండోది ఆదాయం గురించి. సగటు ఏజీఐ (టాక్స్ రిటర్న్‌లో చూపే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) 9 లక్షల డాలర్లు దాటితే సాధారణంగా ఈ ప్రోగ్రాములకు అర్హత ఉండదు. భార్యాభర్తలిద్దరి పేర్లూ డీడ్‌లో ఉంటే ఇద్దరూ వెళ్లడం మేలు, సంతకాల కోసం రెండోసారి తిరగక్కర్లేదు.

వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. 1978 నాటి ఆఫిడా చట్టం ప్రకారం, సిటిజన్ కాని, గ్రీన్ కార్డు లేని వ్యక్తి వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా ఎఫ్ఎస్ఏ-153 ఫారంతో తెలియజేయాలి. పది ఎకరాలు దాటిన అడవి భూమి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. చెప్పకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా పడొచ్చు. హెచ్-1బీ మీద ఉండి అడవి కొన్నవాళ్లు, రియల్టర్ ఈ మాట చెప్పలేదంటే, ఈ వారమే ఎఫ్ఎస్ఏకి ఫోన్ చేయండి. ప్రోగ్రాముల్లో మీకు అర్హత ఎంతవరకూ ఉందో కూడా అదే ఫోన్‌లో అడిగేయండి.

ఈక్విప్‌కి అప్లై చేయడం

చిన్న అడవి యజమానులకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఈక్విప్. పూర్తి పేరు ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్, 1996 ఫార్మ్ బిల్లుతో వచ్చింది. ఎన్ఆర్‌సీఎస్ ఆఫీసులో సీపీఏ-1200 అనే ఫారం నింపితే అప్లికేషన్ పడినట్టే. ఏడాది పొడవునా తీసుకుంటారు, కానీ ప్రతి రాష్ట్రం ఒక కటాఫ్ తేదీ పెడుతుంది. ఆ తేదీలోపు వచ్చినవాటినే ఆ విడతలో పోల్చి ర్యాంకులు ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో ఆ తేదీ శరదృతువులోనో చలికాలం మొదట్లోనో ఉంటుంది. అందుకే ఎండాకాలంలోనే ఫారెస్టర్ సందర్శన, ప్లాన్, ఫార్మ్ నంబరు అయిపోయేలా చూసుకోండి.

ఏ పనులకు డబ్బిస్తారు? ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుంది, మీ ప్లాన్‌లోని పనిని ఆ నంబరుతో చెబితే ఆఫీసులో మాట త్వరగా తెగుతుంది. పనికిరాని చెట్లు తీసేసి మంచివాటికి చోటివ్వడం 666. తీగలూ పొదలూ తొలగించడం 314. మొక్కలు నాటడం 612, దానికి ముందు నేల సిద్ధం చేయడం 490. అదుపులో పెట్టే మంట 338, ఫైర్ లైన్లు 394. దారులు కోసుకుపోకుండా సరిచేయడం 655. వాగు ఒడ్డున చెట్ల వరస పెంచడం 391. కలప అమ్మగా మీకే డబ్బొచ్చే నరుకుడుకు సాధారణంగా సాయం రాదని గుర్తుంచుకోండి. అమ్ముడుపోని చిన్న చెట్లు తీసే పనికే ఇది.

డబ్బు ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి ఏటా మారే రేట్ల పట్టికలో ఉంటుంది. ఎకరానికి ఇంత, అడుగుకు ఇంత అని. మీకు నిజంగా ఎంత ఖర్చయిందన్నదానితో సంబంధం లేదు. ఆ రేటు అంచనా ఖర్చులో 75 శాతం దాకా ఉండేలా కడతారు. కాబట్టి అప్లై చేసేముందే మీ రాష్ట్రం పట్టిక అడిగి తీసుకుని, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్ల ధరలతో పోల్చి చూడండి. అప్పుడు మీ జేబులోంచి ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది.

కొత్తగా కొన్నవాళ్లకు ఇక్కడ ఒక మంచి అవకాశం ఉంది. పొలమో అడవో నడపడం మొదలుపెట్టి వరుసగా పదేళ్లు దాటనివాళ్లు బిగినింగ్ ఫార్మర్ కింద వస్తారు, భూమి పనుల్లో మీరే గట్టిగా పాలుపంచుకోవాలన్న షరతు మీద. వాళ్లకు సాయం 90 శాతం దాకా వెళ్లొచ్చు. పైగా పని మొదలుపెట్టకముందే సామాన్లకూ కూలికీ సగం డబ్బు అడ్వాన్సుగా అడగొచ్చు. అడ్వాన్సు తీసుకుంటే 90 రోజుల్లో ఖర్చు పెట్టాలి. భూమి ఎల్ఎల్‌సీ పేరున ఉంటే అందులో సభ్యులందరూ ఈ షరతుకు సరిపోవాలి. పెదనాన్నగారబ్బాయికి ఇరవై ఏళ్లుగా పొలం ఉండి ఆయనా మీ ఎల్ఎల్‌సీలో ఉంటే ఈ లాభం పోతుంది. ఫారంలో బిగినింగ్ ఫార్మర్ గడిలో టిక్ పెట్టడం మరచిపోయేవాళ్లు చాలామంది, ఆఫీసర్ అడగకపోయినా మీరే అడగండి.

సంతకం కాకముందు పని మొదలుపెట్టొద్దు

ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అప్లికేషన్ పెట్టారు, ఎన్ఆర్‌సీఎస్ మనిషి వచ్చి చూశారు, "బాగుంది, వస్తుందనుకుంటా" అన్నారు. అయినా సరే కాంట్రాక్టు మీద మీ సంతకం, వాళ్ల సంతకం రెండూ పడేదాకా ఆ పని మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే ఆ పనికి డబ్బు రాదు. కాంట్రాక్టర్ "వచ్చే నెల ఖాళీ లేదు, ఈ వారమే చేసేద్దాం" అని తొందరపెడతాడు. ఆగమనండి. తప్పనిసరి పరిస్థితి ఉంటే ముందుగా రాతపూర్వకమైన వేవర్ (మినహాయింపు) అడగాలి, అది చేతికొచ్చాకే ముందుకెళ్లాలి.

చాలామందికి ఇంకో భయం ఉంటుంది, ప్రభుత్వ డబ్బు తీసుకుంటే భూమి మీద హక్కు పోతుందేమోనని. ఈక్విప్‌లో అలాంటిదేమీ లేదు. భూమి మీ సొంతమే, బయటివాళ్లను రానివ్వాలన్న షరతూ ఉండదు. పనిని తనిఖీ చేయడానికి అధికారులు వస్తారు, అంతే. కానీ ఒప్పుకున్న పని చేయకపోతే ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారు, పైన నష్టపరిహారం కూడా పడొచ్చు. మొక్కలు నాటాక వాటిని 15 ఏళ్లు కాపాడాలి. కాంట్రాక్టు నడుస్తుండగా భూమి అమ్మాలనుకుంటే బేరం కుదిరాక కాదు, ముందే ఆఫీసుకు చెప్పండి. కొనేవాళ్లు కాంట్రాక్టును తమ మీద వేసుకోవచ్చు. వాళ్లు వద్దంటే ఆ డబ్బు భారం మీ మీదే పడుతుంది.

పని, కాగితాలు, చెక్కు

పని కాంట్రాక్టులో రాసిన ప్రమాణం ప్రకారమే జరగాలి. మందు ఏది, ఎంత, ఏ నెలలో అన్నది కూడా అందులో ఉంటుంది. రసీదులు, మందు డబ్బా లేబుల్ ఫొటో, మొక్కలు కొన్న బిల్లు, పనికి ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. దక్షిణాదిలో పైన్ మొక్కలు డిసెంబరు నుంచి మార్చి మధ్య నాటతారు. రాష్ట్ర నర్సరీల్లో మొక్కలు త్వరగా అయిపోతాయి కాబట్టి ఎండాకాలం చివర్లోనే బుక్ చేసుకోవాలి. పని అయ్యాక ఎన్ఆర్‌సీఎస్‌కి చెబితే వచ్చి కొలిచి, సరిగ్గా ఉందని రాసుకుని, డబ్బు మీ బ్యాంకులో వేస్తారు. అడ్వాన్సు తీసుకోనివాళ్లు అప్పటిదాకా కాంట్రాక్టర్‌కి సొంత డబ్బే కట్టాలి. ఆ మాత్రం చేతిలో ఉంచుకోండి.

ఈక్విప్ సరిపోకపోతే

అడవిని ఇప్పటికే బాగా చూసుకుంటున్నవాళ్లకు సీఎస్‌పీ, అంటే కన్జర్వేషన్ స్టీవార్డ్‌షిప్ ప్రోగ్రామ్, ఉంది. ఇది ఐదేళ్ల కాంట్రాక్టు, ఏటా డబ్బిస్తారు. 2024 నుంచి ఏడాదికి కనీసం 4,000 డాలర్లు. మీ చేతిలో ఉన్న భూమి మొత్తాన్నీ ఇందులో చేర్చాలి.

తుఫాను, టోర్నడో, కార్చిచ్చు అడవిని దెబ్బతీస్తే ఎఫ్ఎస్ఏ నడిపే ఎమర్జెన్సీ ఫారెస్ట్ రెస్టరేషన్ ప్రోగ్రామ్ ఖర్చులో 75 శాతం దాకా ఇస్తుంది. కౌంటీలో ఆ ప్రోగ్రామ్ తెరిచిన తేదీలను చూస్తుండాలి. ఇక్కడ కూడా అదే సూత్రం, పడిపోయిన చెట్లు ఎత్తేముందు ఫొటోలు తీసి ఆఫీసుకు ఫోన్ చేయండి.

సాగుభూమిని అడవిగా మార్చాలనుకుంటే సీఆర్‌పీ, అంటే కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, ఉంది, 10 నుంచి 15 ఏళ్లు అద్దె ఇస్తుంది. భూమిని ఎప్పటికీ అడవిగానే ఉంచాలన్న పట్టుదల ఉంటే ఫారెస్ట్ లెగసీ ప్రోగ్రామ్. దాని కింద పెట్టే ఈజ్‌మెంట్, అంటే భూమిని ఎలా వాడొచ్చో కట్టడి చేసే ఒప్పందం, శాశ్వతం, మీ పిల్లల్నీ వాళ్ల పిల్లల్నీ కూడా కట్టేస్తుంది. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోకుండా, లాయర్‌కి చూపించకుండా అందులోకి దిగకండి.

ప్రాపర్టీ టాక్స్, ఇన్‌కమ్ టాక్స్

ప్రాపర్టీ టాక్స్ తగ్గింపు రాష్ట్రం పని, చాలామందికి ఏటా మిగిలే డబ్బు ఇక్కడే ఎక్కువ. అడవిని ఇళ్ల స్థలం ధరకు కాకుండా అడవి ధరకు లెక్కగట్టి పన్ను వేయమని అడగడం ఇది. నార్త్ కరోలినాలో ప్రెజెంట్ యూజ్ వాల్యూ కింద అడవికి కనీసం 20 ఎకరాలుండాలి. పెన్సిల్వేనియా క్లీన్ అండ్ గ్రీన్‌కి, మసాచుసెట్స్ చాప్టర్ 61కి పదేసి ఎకరాలు. న్యూజెర్సీ ఫార్మ్‌లాండ్ అసెస్‌మెంట్‌కి 5 ఎకరాలు చాలు, అయితే వుడ్‌లాండ్ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలి, అప్లికేషన్ ఆగస్టు 1 లోపు పడాలి. న్యూయార్క్‌లో 480-ఏ అనే అడవి పన్ను తగ్గింపుకు 50 ఎకరాలు కావాలి. జార్జియాలో పదేళ్ల ఒప్పందం. మధ్యలో ఇల్లో లేఅవుటో వేస్తే అప్పటిదాకా తగ్గించిన పన్ను, కొన్నిచోట్ల వడ్డీ, జరిమానా కట్టాలి. ఇల్లు కట్టే ఆలోచన ఉంటే ఆ ఎకరం రెండెకరాలు ముందే విడిగా ఉంచండి.

ఈక్విప్ డబ్బుకు 1099-జీ అనే టాక్స్ ఫారం వస్తుంది. ఆ డబ్బులో కొంత భాగాన్ని పన్ను చట్టంలోని సెక్షన్ 126 కింద ఆదాయంలోంచి మినహాయించుకునే వీలుండొచ్చు. కలప కోసం మొక్కలు నాటిన ఖర్చులో ఏడాదికి 10,000 డాలర్ల దాకా తగ్గింపుగా చూపించొచ్చు, మిగిలింది 84 నెలల మీద పంచొచ్చు. ఒకే డాలర్‌కి రెండు లాభాలూ తీసుకోకూడదు. మీ మామూలు సీపీఏకి (టాక్స్ అకౌంటెంట్‌కి) ఇవి తెలిసుండకపోవచ్చు, కలప లెక్కలు చేసినవాళ్లనే అడగండి.

మొదటిసారి రాకపోతే

ర్యాంకింగ్‌లో రాకపోవడం మామూలే, టెన్షన్ పడకండి. మీ స్కోరు ఎంత, ఎక్కడ తగ్గింది అని ఆఫీసులో అడగండి, చెబుతారు. ఒక్క పని అడిగిన అప్లికేషన్ కంటే ఒకే సమస్యను తీర్చే రెండు మూడు పనులు కలిపి అడిగినదానికి ఎక్కువ పాయింట్లు రావొచ్చు. అప్లికేషన్‌ని వచ్చే ఏడాదికి అలాగే ఉంచమని రాసివ్వండి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఈలోపు ప్లాన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ప్రాపర్టీ టాక్స్ అప్లికేషన్ వేసేయండి, రాష్ట్రం సొంతంగా ఇచ్చే ఖర్చు వాటా ఏమైనా ఉందేమో సర్వీస్ ఫారెస్టర్‌ని అడగండి. నార్త్ కరోలినాలో అయితే మొక్కలు నాటే ఖర్చుకు ఫారెస్ట్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ ఉంది.